పాలికిచ్చిన పెయ్య

మా పేరమ్మత్త పోయిందన్న కబురు నాకు మొట్టమొదట తెచ్చినవాడు గాజుల సాయన్న. ఏటా రెండు మూడుసార్లు గోదావరి దాటి మా ఊరు వస్తాడు. వచ్చాడంటే అరుగు మీద గాజుల మలారం దించి, వరసలు విప్పుతూ, దారిలో విన్న సంగతులన్నీ చెప్తాడు. ఆ రోజు మలారం దించలేదు. భుజాన బరువుతో వీధిలోనే నిలబడి, "అమ్మగారూ, మీ పుట్టింటి పెద్దావిడ పేరమ్మగారు మొన్న ఏకాదశినాడు కాలం చేసేరండి. గాజులు దించేక చెప్పే కబురు కాదు గదాని ముందే చెప్పేస్తన్నానండి" అన్నాడు. నేను తలమీద నీళ్ళు పోసుకుని దేవుడి మూలకి దణ్ణం పెట్టుకున్నాను. ఎనభై దాటిన మనిషి, మంచాన పడకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్ళిపోయింది. అంతకన్న ఏం కోరతాం? పదో రోజుకి పడవెక్కి పుట్టింటికి వెళ్ళాను. అక్కడ అరుగుల మీద కూర్చున్నవాళ్ళందరిదీ ఒకటే మాట. పేరమ్మలాంటి తెలివైన ఆడది ఈ చుట్టుపక్కల పుట్టలేదనీ, మగదిక్కు లేని ఇంటిని ఏడెనిమిది ఆధారాల మీద నిలబెట్టిందనీ, ఎవరి ముందూ చెయ్యి చాపలేదనీ. అందులో అబద్ధం ఏమీ లేదు. కాని అందులో ఒక మనిషి పేరు లేదు. తిరుగు పడవలో కూర్చున్నంతసేపూ అదే నా మనసులో మెదిలింది. అందుకని ఇది రాస్తున్నాను.

నేను పుట్టిన ఊరు పాలకొల్లుకి రెండు కోసుల దూరం, కాలువ గట్టున. మా నాన్న నా ఆరో ఏట జ్వరంతో పోయాడు. ఇంట్లో మిగిలింది ముగ్గురం: మా అమ్మ సూరమ్మ, నాన్నకి అక్క అయిన పేరమ్మత్త, నేను. అత్త పన్నెండేళ్ళకే పసుపు కుంకుమ పోగొట్టుకుని పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. పొలమంతా మా పెదనాన్న చేతిలో ఉండేది. కోతలయ్యాక ఆయన అమ్మను కళ్ళం దగ్గరికి రమ్మనేవాడు. ఆవిడ ముసుగు వేసుకుని ఎండలో ఒక పక్కగా నిలబడేది. కూలివాళ్ళకీ చాకలికీ మంగలికీ అందరికీ కొలిచాక ఆఖరున మాకు కొలిచేవాడు. పెదనాన్న చెడ్డవాడని నేను రాయను. మా తిండికి లోటు చెయ్యలేదు. కాని కొలిచే ప్రతి కుంచానికీ ఒక మాట ఉండేది, ఆ మాట అమ్మ ఇంటిదాకా మోసుకొచ్చేది. ఒక ఏడు ఆయనే మా ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"ముగ్గురాడాళ్ళకి ఇంత ఇల్లూ దొడ్డీ ఎందుకే పేరీ? మా వెనకింటి సావిట్లో ఉండండి. పిల్లకీ భయం ఉంటది. ఈ చోట నేను గాదెలు కట్టుకుంటాను."

"మేం నీ గాదెలకి అడ్డమయ్యేమా అన్నయ్యా?" అంది అత్త.

"అడ్డమని కాదే. నా గింజ తింటా నా మాట వినకపోతే ఎలాగ? వచ్చే ఏడు కూడా కొలవమన్నారంటే మీ పొయ్యి మా పెరట్లోకి వచ్చెయ్యాలి. అంతే మరి."

ఆయన వెళ్ళాక అమ్మ తలుపు చాటునుంచి ఇవతలికి వచ్చింది. అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండానే అంది: "ఒకరి మోచేతి కింద నీళ్ళు తాగడం నావల్ల కాదే సూరమ్మా. వచ్చే ఏడు నువ్వు ఆ కళ్ళానికి వెళ్ళకూడదు."

"మరేం తిందాం వదినగారూ?"

"ఒంటి రాట మీద పందిరి నిలబడుద్దా? ఎనిమిది రాటలు పాతుదాం. రెండు ఊడినా ఆరుంటాయి."

ఆ రాటలన్నీ నాకు వాసనలుగా గుర్తున్నాయి. మొదటిది గేదె. తెల్లారకముందే దాని పొదుగు కడిగే గోరువెచ్చని నీళ్ళ వాసన. వెన్న కాచి నెయ్యి పాలకొల్లు పంపేది అత్త. మజ్జిగ మాత్రం అమ్మేది కాదు. మజ్జిగ అమ్ముకున్న ఇంట్లో గేదె ఒట్టిపోతుందని మా వైపు నమ్మకం, అడిగినవాళ్ళకి ఊరికే పొయ్యాలి. రెండోది కొబ్బరి పీచు. కొబ్బరి డొక్కలు కొని కాలువ పక్క గుంటలో పది నెలలు నానబెట్టి, తీసి, కర్రతో చితక్కొట్టి, పీచు దులిపి తాడు పేనేవారు. నానిన డొక్కల కంపు జుట్టుకి పట్టిందంటే మూడు తలంట్లకి గాని వదలదు. పెద్ద ఇళ్ళల్లో దంపుళ్ళకి వెళ్తే కూలి కింద నూకలూ తవుడూ ఇచ్చేవారు. నూకలు మాకు, తవుడు గేదెకి. గేదె పేడ కొంత పిడకలకి, కొంత బీరపాదులకీ ఆనపపాదులకీ. పాదుల్లో ముదిరిన కాయలు ఎండబెట్టి, గింజలు బూడిదలో కలిపి పిడతల్లో దాచి, మృగశిర కార్తెకి ఊరందరికీ అమ్మేది. "పేరమ్మ గింజ మొలవకపోతే భూమిదే తప్పు" అనేవారు. ఇవికాక కోళ్ళు, చింతపండు కొట్టడం, విస్తళ్ళు కుట్టడం. ఒకదాని చెత్త ఇంకొకదానికి మేత అయ్యేది. ఏ పని మీద ఎంత వచ్చినా, ఇంటికి చేరిన బియ్యంలో ఒక పిడికెడు తీసి ముంతలో వేసేది. ముంత నిండగానే అది పాలకొల్లు రామలింగేశ్వరుడి గుడి ముందు బిచ్చగాళ్ళకి చేరేది. అత్తకి చదువు లేదు, మంత్రం రాదు. ఆవిడ పూజ అదే.

ఆ ఏడు అమ్మ కళ్ళానికి వెళ్ళలేదు. పెదనాన్న కబురు పంపితే, "గింజలున్నాయని చెప్పు" అంది అత్త. ఆ పూట మా అమ్మ అన్నం తింటూ ఊరికే నవ్వింది. నాన్న పోయాక ఆవిడ నవ్వగా చూడడం నాకదే మొదటిసారి.

మరుసటి ఏడు మా వాకిట్లోకి మరియమ్మ వచ్చింది. కాలువ అవతల క్రైస్తవుల పేటలో చిన్న బడి నడిపే పంతులుగారి భార్య. వాళ్ళ మిషను దొరసానమ్మగారి దగ్గర లేసు అల్లడం నేర్చుకుని, ఇళ్ళల్లోంచి బయటికి రాని మా కాపు ఆడవాళ్ళకి నేర్పేది. దారం ఉండలు తెచ్చి ఇచ్చి, అల్లిన లేసు తీసుకెళ్ళి దొరసానమ్మకిచ్చి, డబ్బు తెచ్చేది. మా ఇంట్లోకి వచ్చేది కాదు, చూరు కింద కూర్చునేది. ఎండలో వచ్చింది కదాని అమ్మ మజ్జిగ ఇచ్చేది. గుమ్మంలో నిలబడి పైనుంచి పోస్తే, మరియమ్మ వంగి దోసిలి పట్టి తాగేది. తాగాక చేతులు కొంగుకి తుడుచుకుని, "చల్లగా ఉన్నాయండమ్మా" అనేది. నాన్న ఇసకలో దిద్దించి వదిలేసిన నా అక్షరాలకి ఒత్తులు కలిపింది ఆవిడే, మా చూరు కింద, పుల్లతో మట్టిలో రాసి. నేను ఈ వాక్యం రాయగలుగుతున్నానంటే అది సగం ఆవిడ పెట్టిన భిక్ష.

మా అమ్మ వేళ్ళలో ఏదో ఉంది. పదిహేను రోజుల్లో మరియమ్మని మించిపోయింది. అమ్మ అల్లిన పువ్వుల అంచు చూసి దొరసానమ్మగారు, ఎవరు అల్లారో కనుక్కోమన్నారట. తాడు పేనితే నెల్లాళ్ళకి రానిది లేసు వారంలో తెచ్చేది. కాని లేసుకి ఒక షరతు ఉంది. దారం పాలనురుగులా ఉండాలి, పసుపు మరక గాని మట్టి వేలిముద్ర గాని ఉంటే తిరిగొచ్చేస్తుంది. అల్లే వేలు గరుగ్గా ఉంటే పోగు లేచిపోతుంది.

"అమ్మగారూ, పీచు ముట్టుకోకండి, పేడ ముట్టుకోకండి. చేతులు మెత్తగా ఉండాలండి," అంది మరియమ్మ.

"చేతులు మెత్తబడ్డాయంటే కాళ్ళు గుమ్మం దాటవు," అని వెక్కిరించింది అత్త.

మొదట అమ్మ పీచు మానేసింది. తర్వాత దంపుళ్ళు. పిడకలు నేను చేస్తానంటే, నన్నూ లేసుకి కూర్చోబెట్టారు కాబట్టి నా చేతులూ మెత్తగానే ఉండాలి. అత్త ఒక్కతే ఎన్ని మోస్తుంది? డొక్కల గుంట పూడిపోయింది. కోళ్ళూ చింతపండూ విస్తళ్ళూ ఒకటొకటిగా ఆగిపోయాయి. పాదులు ఎండిపోయాయి, గింజల పిడతలు అడిగినవాళ్ళకి ఇచ్చేశారు. పాలు మరిచిన పెద్ద గేదెను అమ్మేశారు. దాని పెయ్యదూడను, మేపి సగం వాటా తీసుకునేలా, మరియమ్మకి పాలికిచ్చారు. ఈ తప్పు అమ్మ ఒక్కదాని మీద వేసేవాళ్ళున్నారు. అది న్యాయం కాదు. అత్త కూడా ఆ రెండేళ్ళూ కూర్చుని తిన్న సుఖం ఎరిగింది. లేసు డబ్బుతో పాలకొల్లు నుంచి పెద్ద ఇత్తడి బిందె తెప్పించి, నలుగురూ చూసేలా వాకిట్లో పెట్టి తోమేది. ఎనిమిది రాటలు పాతిన మనిషే ఎనిమిదింటినీ పీకనిచ్చింది. వచ్చేది ఎక్కువైనప్పుడు అది ఎన్ని చోట్లనుంచి వస్తోందో ఎవరూ చూసుకోరు.

మూడో ఏడు ఎండాకాలంలో దొరసానమ్మగారికి జబ్బుచేసి, మందులకి లొంగక, వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. ఆవిడ చోటికి వెంటనే ఇంకొకరు రాలేదు. లేసు కొనే దిక్కు లేదు. మరియమ్మ ఇల్లిల్లూ తిరిగి ఎవరి లేసు వాళ్ళకి, ఒక్క ముక్క తేడా రాకుండా, తిరిగి ఇచ్చేసింది. కొందరు ఆవిడ మొహాన తలుపేశారు, ఆవిడే మోసం చేసినట్టు. దొరసానమ్మ ఇచ్చే జీతం ఆగిపోయి పంతులుగారి బడి కూడా మూతపడింది.

మా ఇంట్లో ఇక చెయ్యడానికి ఏమీ లేదు. డొక్కలు ఇప్పుడు నానబెడితే పీచు చేతికొచ్చేది పది నెలలకి. గింజలు లేవు. అమ్మ దంపుళ్ళకి వెళ్ళింది. మూడో నాటికి అరచేతులు పగిలి రోకలికి నెత్తురంటుకుంటే, పెద్దింటివాళ్ళు బియ్యం మైలపడతాయని వెనక్కి పంపేశారు. శ్రావణంలో పెదనాన్న వచ్చాడు. ఈసారి గుమ్మంలో కూర్చోలేదు, దొడ్డి అడుగులేసి కొలుచుకుంటూ తిరిగాడు.

"రెండు బస్తాల గింజ మీకోసం తీయించి ఉంచేను పేరీ. బండి పంపుతాను. సామాను సర్దుకోండి."

"వినాయక చవితి దాకా ఆగు అన్నయ్యా. పెయ్య ఈనబోతంది. పాలి తేలిపోతే అప్పుడు చెప్తాను."

"తేలితే సగం డబ్బొస్తది. ఎన్నాళ్ళు తింటారే?"

"డబ్బొద్దు. డబ్బు తింటే అయిపోద్ది. గేదె తింటే పాలిస్తది. గేదెనే తెచ్చుకుంటాను."

"సగం వెల ఎక్కణ్ణించి తెస్తావు?" అన్నాడు పెదనాన్న.

మా వైపు పాలికివ్వడమంటే ఇది: దూడ మనది, మేత వాళ్ళది. అది తొలి ఈత ఈనాక ఇద్దరూ నలుగురు పెద్దల ముందు నిలబడతారు. పెంచినవాళ్ళు వెల చెప్పాలి, సొంతదారు కోరుకోవాలి. చెప్పిన వెలలో సగమిచ్చి గేదెను తోలుకుపోవచ్చు, లేదా సగం పుచ్చుకుని గేదెను వదిలెయ్యవచ్చు. వెల చెప్పేది ఒకరు, ఎంచుకునేది ఒకరు కాబట్టి మోసానికి చోటు లేదని పెద్దవాళ్ళ ఆలోచన.

చవితి ముందు రోజుల్లో పెయ్య ఈనింది. కాలువ గట్టు మీద నలుగురు కూర్చున్నారు, అందులో మా పెదనాన్న ఒకడు. మరియమ్మ గేదెనూ దూడనూ తోలుకొచ్చింది. గేదె నల్లగా, నిగనిగలాడుతూ, పొదుగు నిండుగా ఉంది. పంతులుగారు వెనక నిలబడ్డాడు. చిక్కిపోయి ఉన్నాడు. అమ్మ రాలేదు, నేను అత్త పక్కన ఉన్నాను. పెదనాన్న అందరూ వినేలాగే అన్నాడు:

"మరియమ్మా, వెల గట్టిగా చెప్పు. వాళ్ళకివ్వాల్సిన సగం నేను పెడతాను. నెయ్యి మాకు పోసి తీర్చుకుందువు గాని. గేదె నీ గుమ్మంలోనే ఉంటది."

అత్త చేతికర్ర మట్టిలో దిగబడుతూ ఉండడం నేను చూశాను. ఆ రోజు మరియమ్మ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో వెలగలేదు. ఆ గట్టు మీద నిలబడ్డవాళ్ళల్లో ఎవరు దాన్ని తోలుకుపోతే వాళ్ళకి బతుకు. రెండిళ్ళకి అది చాలదు.

మరియమ్మ ఆకాశం వైపు ఒకసారి చూసి, వెల చెప్పింది. అందరూ పకపకా నవ్వారు. ముసలి గేదెకి కూడా అంత తక్కువ ఎవరూ చెప్పరు. అందులో సగం అంటే ఒక ఇత్తడి బిందె.

అత్త కళ్ళు చిట్లించింది. "ఏంటే, దీనికి రోగమా?" అంటూ గేదె దగ్గరికి వెళ్ళి, నోరు తెరిచి పళ్ళు చూసింది, తోకెత్తి చూసింది, పొదుగు మీద అరచెయ్యి వేసి నొక్కి చూసింది.

"రోగం కాదండమ్మా. తన్నుద్దండి. పితకనివ్వదు. పంతులుగారి మోకాలు ఇంకా వాచే ఉందండి."

"పంతులుకి బెత్తం లేదేంటి?" అన్నారెవరో. మళ్ళీ నవ్వులు.

"బెత్తానికి చదువొస్తది గాని పాలొస్తాయేంటండి," అంది మరియమ్మ.

పెదనాన్న లేచి పంచె దులుపుకున్నాడు. "తన్నే గొడ్డు నాకెందుకు? మీరే తేల్చుకోండి."

అత్త నన్ను ఇంటికి పంపి బిందె తెప్పించింది. మరియమ్మ దాన్ని చంకన పెట్టుకుని, భర్త వెనకాల గట్టు దిగి వెళ్ళిపోయింది. ఆ నెలలోనే వాళ్ళు కూలిపనులు వెతుక్కుంటూ మెట్టకి, జంగారెడ్డిగూడెం వైపు, నడిచి వెళ్ళారని విన్నాం. మళ్ళీ రాలేదు.

అత్త నెల రోజులపాటు గేదె వెనక్కాళ్ళకి తాడు కట్టి పితికింది. తర్వాత తాడు విప్పేసింది. నెయ్యి మళ్ళీ పాలకొల్లు వెళ్ళింది. నేతి డబ్బుతో డొక్కలు కొని గుంటలో వేశారు, పేడ మళ్ళీ పాదుల్లో పడింది. అమ్మ చేతులు గరుకెక్కాయి. రెండేళ్ళకి ఇంకో దొరసాని వచ్చి లేసు అడిగితే, అమ్మ వేళ్ళు దారం పట్టలేకపోయాయి, నేనే అల్లాను. కాని ఇక ఎప్పుడూ మా ఇంట్లో అందరి చేతులూ ఒకేసారి మెత్తబడనివ్వలేదు అత్త. పెదనాన్న బండి మా గుమ్మంలోకి రాలేదు. నా పెళ్ళి ఆ ఇంట్లోనే జరిగింది, అమ్మ ఆ ఇంట్లోనే కన్నుమూసింది. ఇందుకు నేను ఆ రామలింగేశ్వరుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

ఇప్పుడు మా కోడళ్ళ కాలం వచ్చింది. షావుకార్ల మనుషులు గడప గడపకీ దారం ఇచ్చి లేసు పట్టుకుపోతున్నారు. ఆవిరితో తిరిగే బియ్యపు మరలు వస్తున్నాయి, దంపుళ్ళు ఇక ఉండవంటున్నారు. మా అత్తవారి వైపుకి కాలువ నీళ్ళు వచ్చినప్పటినుంచి ఇక్కడ ఎవరిని చూసినా వరే, ఇంకో గింజ వెయ్యరు. నా కోడళ్ళని నేను పాదులు పెట్టమంటే నవ్వుతారు. వాళ్ళ నవ్వులో తప్పు లేదు. మేం పడ్డది వాళ్ళు పడలేదు, పడకూడదు. వాళ్ళ చేతులు మా అమ్మ చేతులకన్న అందంగా ఉన్నాయి. ఒక్కటే తేడా. అప్పుడు ఒక ఇంటి ఆధారం ఊడిపోతే, వేరే ఆధారం ఉన్న పక్కింటికి చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు అందరికీ ఒకటే ఆధారం కాబట్టి, ఊడితే అందరికీ ఒకేసారి ఊడుతుంది. ఎవరు ఎవరికి చెప్పుకుంటారు?

పోయిన ఏడు నేను చూడబోతే అత్త అరుగు మీద కూర్చుని తాడు పేనుతోంది. చూపు పోయింది, వేళ్ళే చూసుకుంటున్నాయి. ఎన్నో ఏళ్ళుగా అడగాలనుకున్నది అడిగాను.

"అత్తా, ఆ గేదె ఎప్పుడైనా తన్నిందా?"

"తొమ్మిది ఈతలు ఈనింది. ఒక్కనాడు కాలెత్తలేదు."

"మరి మరియమ్మ..."

"నాకు ఆ రోజే తెలుసే. పొదుగు మీద చెయ్యేస్తే తెలీదా, తన్నే గొడ్డో కాదో? కన్నపిల్లలా నిలబడింది."

"తెలిసీ తోలుకొచ్చేసేవా?"

పేనే చేతులు ఆగాయి. "తోలుకురాకపోతే మీ అమ్మ పొయ్యి మా అన్నయ్య పెరట్లో ఉండేది. అందుకని తెలీనట్టు ఊరుకున్నాను. ఆవిడ మెట్టకి వెళ్ళే ముందు మన వాకిట్లోంచే నడిచి వెళ్ళిందే. ఒక చెంబుడు పాలు ఇవ్వొచ్చు. ఇస్తే ఒప్పుకున్నట్టవుద్దని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను." అంతవరకూ ఆ ఇంట్లో మరియమ్మని ఎవరూ 'ఆవిడ' అని అనగా నేను వినలేదు. అత్త మళ్ళీ పేనడం మొదలుపెట్టింది.

పేరమ్మత్తను మా ఊరు మరిచిపోదు. ఎవరి గుమ్మమూ తొక్కకుండా బతికిందని ఇంకో రెండు తరాలు చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. ఇది చదివినవారిని నేను కోరేది వేరు. మీ ఇంట్లో సాయంత్రం దీపం పెట్టే వేళ, మీ దేవుడు ఎవరైనా సరే, ఒకసారి మరియమ్మను తలుచుకోండి. ఆవిడ ఎక్కడ పోయిందో, పిల్లలు కలిగారో లేదో నాకు తెలియదు. ఇంటిపేరు చెప్పమంటారేమో. మూడేళ్ళు మా చూరు కింద కూర్చున్న మనిషి ఇంటిపేరు మేం ఎవరమూ అడగలేదు.